రుణమాఫీలో మాఫీ, కువైటు మాఫీ ఒకటేనా?

రాజోలు నుంచి ప్రశ్న:
గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు డబ్బుల్లేవనడానికి ‘ఫులూస్ మాఫీ’ అంటారు. పేపర్లో ‘రుణమాఫీ’ అంటే అప్పు కొట్టెయ్యడం. రెండూ అరబ్బీయే అంటారు, మరి ఒకే మాటేనా? ఇంకోటి. స్కాలర్‌షిప్ మీద కైరోకో రియాద్‌కో అరబ్బీ చదవడానికి వెళ్లే పిల్లలకి మన తెలుగులో ఉన్న అరబ్బీ మాటలు జాబితా రాసిస్తే పనికొస్తుందాండి?

తణుకు నుంచి:
ఒకటి కాదండి. కువైటు మాఫీ రెండు ముక్కలు: ‘మా’ అంటే కాదు, ‘ఫీ’ అంటే ఉంది. కలిపితే లేదు. రుణమాఫీలోది ఐన్, ఫా, వావ్ అనే మూడక్షరాల ధాతువు. దానికి క్షమించి వదిలెయ్యడమని అర్థం. ‘ముఆఫ్’ అన్న రూపం ఫార్సీ, ఉర్దూల మీదుగా మన సర్కారు కచేరీల్లోకి వచ్చింది. నడుమనున్న ఐన్ మన నోటికి పలకదు, రాలిపోయింది. ‘షుక్రన్’ (ధన్యవాదాలు) అంటే బదులుగా చెప్పే ‘అఫ్వన్’ ఈ ధాతువుదే. అప్పు మాఫీకి ఇవాళ్టి అరబ్బీ మాట ‘ఇఅఫా’.

గల్ఫ్ మాఫీని క్లాసులోకి తీసుకెళ్లకూడదు. క్లాసులో నేర్పేదీ, పత్రికల్లో కనిపించేదీ ఫుస్‌హా, అంటే ప్రామాణిక అరబ్బీ. అందులో ‘లేదు’ అనాలంటే ‘లా యూజద్’. కైరో వీధిలోనైతే ‘మఫీష్’. చేరిన కొత్తలో ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష ఫుస్‌హాలోనే ఉంటుంది. పదేళ్లు కువైటులో ఉన్నవారి దగ్గర మాట్లాడడం నేర్చుకుని, అక్షరాలు రాకుండా వెళ్తే మొదటి తరగతే గతి.

భీమవరం నుంచి:
జాబితా వద్దనను. కానీ మాటల కన్నా వాటిలోంచి రాలిపోయిన అక్షరాలు రాయించండి. అరబ్బీలో జాల్, జాయ్, దాద్, జా అని నాలుగు వేరువేరు అక్షరాలున్నాయి. ఫార్సీలో నాలుగూ ఒకే ధ్వని అయిపోయాయి, మన దగ్గరకొచ్చేసరికి ‘జ’. అలాగే మూడు స-లు, రెండు హ-లు, రెండు త-లు. నిఘంటువులో మాటలు ధాతువు కింద ఉంటాయి కాబట్టి, ఏ స-యో తెలియకపోతే మాట దొరకదు.

నోటుబుక్కులో నాలుగు గడులు గీయించండి: తెలుగు మాట, అరబ్బీ అక్షరాలు, ధాతువు, ఇప్పటి అరబ్బీ అర్థం. హాజరు, అర్జీ, ఖాజీ – ఈ మూడింటిలో జ అసలు దాద్. కైరోలో ‘హాదిర్’ అంటే ‘చిత్తం, అలాగే’ అని. తహసీలు, మహసూలు ఒకే ధాతువువి: హా, సాద్, లామ్. వసూలు వేరు. అది వావ్, సాద్, లామ్, అర్థం చేరుకోవడం. విమానం దిగగానే బోర్డు మీద ‘అల్-వుసూల్’ అని కనబడుతుంది. అంటే ‘రాక’. పన్ను కట్టమని కాదు!

మంజూరు సంగతి మరీ ముఖ్యం. స్కాలర్‌షిప్ మంజూరైందని మనం అంటాం, అరబ్బీలో ‘మన్జూర్’ అంటే చూడబడినది. ఉత్తరంలో ఆ మాట వాడితే అవతలివాళ్లకి అర్థం కాదు. స్కాలర్‌షిప్‌కి వాళ్ల మాట ‘మిన్హా’. మంజూరు, మామూలు, మహసూలు మూడూ ఒకే మూసలోవి: ముందు ‘మ’, రెండో ధాత్వక్షరం తర్వాత దీర్ఘ ఊకారం. ఈ మూస గుర్తుపట్టడం వస్తే వందల మాటలు విడిపోతాయి.

‘జిల్లా’ అన్న మాటలో మొదటి అక్షరం దాద్, చివరిది ఐన్. రెండూ పోయాయి. సరిచేసి ‘మాది కోనసీమ దిల్అ’ అన్నారనుకోండి, వాళ్లకి కోనసీమ పక్కటెముక అని వినిపిస్తుంది. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. కోతల కాలాన్ని బట్టి పెట్టిన పేర్లవి. మన సార్వా, దాళ్వాలకి ఆ చిక్కు లేదు.

రోజు, బజారు ఫార్సీవి. వాటికి ధాతువు వెతకొద్దు.

అమలాపురం నుంచి:
పేరు రాసేటప్పుడు అసలు తంటా. అరబ్బీలో ప, చ, ట, ణ, ళ లేవు. పాలకొల్లు బాలకొల్లు అవుతుంది. రాజోలుని జీమ్‌తో రాస్తే కైరోవాళ్లు రాగోలు అని చదువుతారు, అక్కడ జీమ్‌ని గ అంటారు. పాస్‌పోర్టులో జెడ్ ఉంటుంది కాబట్టి జాయ్‌తో రాయించాలి. మనం పలికే ౙ-కీ అదే దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్ ఒకరి దగ్గర, డిగ్రీ ఇంకొకరి దగ్గర అనువాదం చేయిస్తే ఒకే పేరు రెండు రకాలుగా వస్తుంది. అన్నీ ఒకరికే ఇవ్వండి. సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జతచెయ్యాలి.

సౌదీ 2022 డిసెంబరు 7 నుంచి అపొస్టిల్ ఒప్పందంలో ఉంది, అంటే ఎంబసీ ముద్ర లేకుండానే పత్రాలు చెల్లే దేశాల ఒప్పందం. ఈజిప్టు లేదు, అక్కడికైతే రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఎంబసీ ముద్ర, ఇదే వరసలో. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ మీద ముద్ర పడదు. ముందే చూసుకోండి, విప్పబోతే కాగితం చిరుగుతుంది.

రాజోలు నుంచి:
ఆయ్, బాగా చెప్పారండి. హక్కు, వసూలు చివర ఉ ఉందిగా, అరబ్బీలోనూ ‘అల్-బైతు’ అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

తణుకు నుంచి:
కాదండి. మనది అజంత భాష, హల్లు చివర ఉ చేర్చేస్తాం. వాళ్ల ఉ విభక్తి, మన డు-ము-వు-లు లాంటి ప్రథమ. ‘అల్-బైతు కబీరున్’ అంటే ఇల్లు పెద్దది. ఇంట్లో అనాలంటే ‘ఫిల్-బైతి’, ఇంటిని చూశాను అంటే ‘రఐతుల్-బైత’. అలవాటుకొద్దీ అన్నిటికీ ఉ తగిలిస్తే ప్రతి వాక్యంలోనూ ఇల్లే కర్త అయి కూర్చుంటుంది.