ఐసీయూ నుంచి ఇంటికి చేరిన రోగి బాధ్యత నర్సుకు ఎంతవరకు?

స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా:

పంతొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికి బయటపడిన ఒక పెద్దావిడను నెల తర్వాత ఓపీలో చూశాను. స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు చీర మీద ఒలికిపోతున్నాయి. కూతురు నన్ను పక్కకు పిలిచి, "రాత్రిపూట తనను మంచానికి కట్టేసి చంపబోయారని అమ్మ ఇప్పటికీ అంటోంది, నిజమేనా అక్కా?" అని అడిగింది. గొంతులోని ట్యూబు పీకేసుకోకుండా చేతులకు గుడ్డ కట్టిన మాట నిజమే, కానీ ఎందుకు కట్టామో తెలివి వచ్చాక ఆమెకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, రెండు వారాల తర్వాత రావాలన్న ఒక్క ముక్క తప్ప మరేమీ లేవు. కండరాల నీరసం, మతిమరుపు, భయం కలిసి వచ్చే ఈ స్థితిని వైద్యులు పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటారు. ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఇలాంటి వారి కోసం నర్సులే నడిపే ఒక క్లినిక్ ఉండి తీరాలని నా వాదన.

ఐసీయూ నర్సు, ఇంగ్లండ్:

మీ ఆవేదన అర్థమైంది, అయితే ఇక్కడ ఆ ప్రయోగం జరిగింది. బ్రిటన్‌లో మూడు ఆసుపత్రులకు చెందిన 286 మంది రోగులతో చేసిన పరీక్షలో, నర్సుల క్లినిక్‌కు వచ్చిన వారికీ రాని వారికీ ఏడాది తర్వాత జీవన నాణ్యతలో తేడా కనిపించలేదని 2009లో ప్రచురించారు. విచిత్రమేమిటంటే, ఐసీయూ నుంచి వెళ్లిన రోగులను రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలన్న, ఇక్కడ చికిత్సా ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ మార్గదర్శకం కూడా అదే ఏడాది వచ్చింది. ఆ తర్వాత శిక్షణ పొందిన నర్సులు ఐసీయూలోనే రోగులతో మాట్లాడి ధైర్యం చెప్పే పద్ధతిని 24 యూనిట్లలో పరీక్షిస్తే, ఆరు నెలల నాటికి భయాందోళన లక్షణాలు తగ్గలేదని 2019లో తేలింది. పడక పక్కనే నర్సుల కొరత ఉన్నప్పుడు, ఫలితం రుజువు కాని పనికి మనిషిని కేటాయించడం సబబేనా?

ఫిజియోథెరపిస్టు, వరంగల్:

క్లినిక్ ఫలించకపోవడానికి ఆలస్యం ఒక కారణం కావచ్చు. ఐసీయూలో మొదటి పది రోజుల్లోనే తొడ ముందు కండరం సుమారు 18 శాతం తరిగిపోయినట్లు 2013లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం కొలిచి చూపింది. మూడో నెలలో సలహా ఇస్తే, ఆ లోపు రోగి మంచానికే అలవాటు పడిపోయి ఉంటాడు.

స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా:

ఇంగ్లండ్ నర్సు గారూ, ఆ పరీక్షలో క్లినిక్‌కు రాని రోగికి కూడా ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు, అవసరమైతే ఇంటికి వచ్చే నర్సు ఉంటుంది. మా రోగికి ఆర్‌టీసీ బస్సులో మూడు గంటల ప్రయాణం తప్ప మరో దారి లేదు. అక్కడ తేడా రాలేదు కాబట్టి ఇక్కడా రాదని ఎలా అంటాం? డబ్బు లేదనే మాటా పూర్తిగా నిలబడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా పథకం, చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 వరకు ఇచ్చింది. అంటే కోలుకునే కాలం కూడా చికిత్సలో భాగమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు కదా.

రోగి కుమారుడు, నెల్లూరు:

మా నాన్నగారిని ట్రాకియాస్టమీ గొట్టంతోనే, అంటే ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి పెట్టిన గొట్టంతోనే ఇంటికి పంపారు. కఫం లాగే సక్షన్ మెషీన్ అద్దెకు తెచ్చుకున్నాం, కానీ ఆ మెషీన్ గొట్టం ఎంత లోపలికి పెట్టాలో వార్డులో ఒక్కసారి, అదీ హడావిడిగా చూపించారు. రాత్రి రెండు గంటలకు కఫం అడ్డుపడి ఆయన ముఖం నల్లబడినప్పుడు నాకు కావలసింది క్లినిక్ కాదు, ఆయన్ను ఎరిగిన నర్సు ఫోన్ ఎత్తడం. నిజం చెప్పాలంటే, డిశ్చార్జికి ముందు రెండు రోజులు మా చేతనే ఆ పని చేయించి ఉంటే ఫోన్ కూడా అవసరం పడేది కాదేమో.

ఐసీయూ నర్సు, ఇంగ్లండ్:

ఇంటివారి చేత పని చేయించాకే పంపడం, మొదటి రెండు వారాలు ఫోన్‌లో అందుబాటులో ఉండడం, చేతులు ఎందుకు కట్టామో రోగికి కూర్చోబెట్టి చెప్పడం: వీటికి నేను అడ్డు చెప్పను, నేను కాదన్నది మూడో నెల క్లినిక్‌ను. అయితే ఒక్క షరతు. ఆ ఫోన్ చూసే నర్సు చేతిలో అదే షిఫ్టులో వెంటిలేటర్ రోగి ఉండకూడదని డ్యూటీ రోస్టర్‌లో రాయించండి. నోటిమాటగా చెబితే మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే నెల తిరిగేసరికి ఆ ఫోన్ మీ జేబులోనూ, ఇద్దరు రోగులు మీ ఎదుటా ఉంటారు.