వాడేసిన రైఫిల్ కేసులు: మళ్ళీ నింపే ముందు ఏమేం చూస్తున్నారు?

డాలస్_బాబాయ్: షూటింగ్ రేంజ్‌లో వదిలేసిన .308 విన్‌చెస్టర్ రైఫిల్ ఖాళీ కేసులు (తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగులు) సంచెడు దొరికాయి. ఎవరివో, ఎన్నిసార్లు పేల్చారో తెలియదు. పైకి తళతళలాడుతున్నాయి గానీ అది చూసి నమ్మలేను. మీరు ముందు ఏం చూస్తారు? దేన్ని పారేస్తారు? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

పాత_ఎన్‌ఫీల్డ్: ముందు శుభ్రంగా కడగండి. మసి కింద చీలిక కనపడదు. తర్వాత నాలుగైదు కేసులు గుప్పిట్లో వేసుకుని గలగలలాడించండి. బాగున్నవి ఖంగుమంటాయి, మెడ (బుల్లెట్‌ను పట్టుకునే సన్నని పైభాగం) చీలింది ఒక్కటున్నా బొంగురుగా పలుకుతుంది. పేల్చడం, సైజింగ్ డైలో (ఉబ్బిన కేసును మళ్ళీ పాత కొలతకు తెచ్చే అచ్చులో) నొక్కడం వల్ల మెడ దగ్గర ఇత్తడి గట్టిపడి చీలుతుంది. అలాంటిది పారేయాల్సిందే, కాకపోతే ప్రాణం మీదికి తెచ్చేది అది కాదు. అసలు భయం అడుగున ఉంది.

గోదారి_హ్యూస్టన్: అన్న చెప్పిన ఆ అడుగు సంగతి నేను రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసేది అదే. తూటా పేలినప్పుడు కేసు ముందు భాగం ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకు అతుక్కుపోతుంది, అడుగు మాత్రం బోల్టు (ఆ గదిని వెనక మూసే కడ్డీ) మీదికి వెనక్కి జరుగుతుంది. మధ్యలో, మందపాటి అడుగుకు కాస్త పైన, గోడ సాగి పలచబడుతుంది. సైజింగ్‌లో భుజాన్ని (మెడ కిందున్న ఏటవాలు భాగాన్ని) అవసరానికి మించి వెనక్కి నొక్కితే ప్రతిసారీ ఇంకాస్త సాగుతుంది. బోల్ట్ యాక్షన్‌కి (బోల్టును చేత్తో లాగి నడిపే రైఫిల్‌కి) అంగుళంలో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో నొక్కితే చాలు. చివరికి కేసు రెండు ముక్కలవుతుంది. .308కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఆ వాయువు వెనక్కి తన్నితే ఎదురుగా ఉండేది మన మొహమే.

బయట మెరిసే గీత కనిపిస్తే అనుమానించండి. కానీ డై మూతి కూడా దాదాపు అక్కడే గీత పెడుతుంది, కంటితో తేడా చెప్పడం కష్టం. అందుకే పేపర్ క్లిప్పు తిన్నగా చేసి, కొస పదును పెట్టి, రెండు మిల్లీమీటర్లు పక్కకు వంచండి. లోపలి గోడ వెంట అడుగుదాకా దించి మెల్లగా పైకి లాగండి. గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసు పని అయిపోయింది. ఇంకా సందేహముంటే అదే గుంపులో ఒకదాన్ని నిలువుగా కోసి చూడండి, పలచబడ్డ చోటు స్పష్టంగా కనిపిస్తుంది.

పాత_ఎన్‌ఫీల్డ్: నా .303లో ఇది మరీ ఎక్కువ. బురదలో కూడా పనిచేయాలని ఆ యుద్ధకాలపు రైఫిళ్ళ ఛాంబర్లు వదులుగా చేశారు, మొదటి పేలుడుకే కేసు బాగా సాగుతుంది. అందుకే నేను భుజాన్ని కదపకుండా మెడ వరకే సైజ్ చేస్తాను.

ఆస్టిన్_రెడ్డి: నాదొక మాట. ఊరూ పేరూ తెలియని బ్రాస్‌ని (ఇత్తడి కేసుల్ని) నేనైతే ముట్టుకోను. ఎవరైనా మంటలో వేసి తీసిందైతే అడుగు మెత్తబడి ఉంటుంది, అది ఏ క్లిప్పుకీ దొరకదు. రంగు మాడినట్టుంటే మాత్రం ఆలోచించకుండా పారేయండి.

గోదారి_హ్యూస్టన్: రెడ్డిగారూ, మీ జాగ్రత్త సరైనదే. తీసుకునేవాళ్ళు కనీసం అడుగు మీది ముద్రను బట్టి విడదీయాలి. మిలిటరీ కేసుల గోడలు సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ. అదే మందు పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. రీలోడింగ్ మాన్యువల్లో ఇచ్చిన మందు ప్రారంభ కొలత నుంచే మొదలెట్టాలి.

సైజింగ్_శాస్త్రి: పొడవు సైజ్ చేశాకే కొలవండి. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, కోసేది 2.005కి. ఎక్కువైతే మూతి ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను నొక్కేస్తుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) బొటనవేలితో నొక్కితేనే దిగిపోతే పాకెట్ (అది కూర్చునే గుంట) వదులైనట్టే, పారేయండి. టార్చి వేసి లోపలికి చూడండి. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం ప్రైమర్ కేసు. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, మీ డీక్యాపింగ్ పిన్ను (పాత ప్రైమర్‌ను బయటికి తోసేది) విరుగుతుంది.

విశాఖ_మెటలర్జీ: పాలిష్ గురించి ఒకటి చెప్పాలి. అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్ ఎప్పుడూ వాడొద్దు. బ్రిటిష్‌వాళ్ళు మన దేశంలో వానాకాలం తూటాలను గుర్రపుసాలల్లో నిలవచేస్తే, గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమోనియాకు కేసులు వాటంతట అవే పగిలాయి. కారణం 1921లో తేలింది: తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడికి అమోనియా తోడవడం. వాల్‌నట్ పెంకుల పొడి, మొక్కజొన్న కండెల పొడి చాలు.

హైదరాబాద్_రేంజ్: నేను .22తో సాధన చేస్తాను. ఆ ఖాళీలకూ ఇదంతా వర్తిస్తుందా అండీ?

సైజింగ్_శాస్త్రి: లేదండీ. అందులో పేలుడు మసాలా అంచు మడతలోనే ఉంటుంది, తుపాకీ పిన్ను ఆ అంచును నొక్కేస్తుంది. మార్చడానికి విడిగా ప్రైమర్ ఉండదు. పైగా ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మీరు వాటి జోలికి పోకండి.

డాలస్_బాబాయ్: అందరికీ థాంక్స్. క్లిప్పు పెట్టి చూశాను, ఒకే ముద్ర ఉన్నవాటిలో చాలా వాటికి గాడి తగులుతోంది. ఆ గుంపంతా తీసేస్తున్నాను. ఎలా పారేయాలి?

పాత_ఎన్‌ఫీల్డ్: పటకారుతో మూతి నొక్కి చదును చేయండి, ఇంకెవరూ ఏరుకుని నింపకుండా. ప్రైమర్లన్నీ పేలినవేనా చూసుకుని ఇత్తడి తుక్కులో అమ్మేయండి.