చూడ చూడనా, చూడఁజూడనా?

(పద్యాల గ్రూపులో గుంటూరు, విజయవాడ వాళ్ల మాటలు; ఎవరి పేటే వారి పేరు.)

బ్రాడీపేట: గ్రూపు బాట్‌కి పైథాన్‌లో రాసిన ఛందస్సు ప్లగిన్ “చూడఁజూడ రుచుల జాడ వేరు” ఆటవెలది పాదం కాదంటోంది. “చూడ చూడ” అంటే ఒప్పుకుంటోంది. ఇంతకీ వేమన పాఠం ఏది?

సత్యనారాయణపురం: తప్పు పద్యానిది కాదండీ, గురులఘువుల ఫంక్షన్‌ది. యూనికోడ్‌లో అరసున్న 0సి01, నిండుసున్న 0సి02. మీ కోడ్ రెండింటినీ గురువు చేస్తున్నట్టుంది. అరసున్న ఉన్నా “డఁ” లఘువే, కనుక “చూడఁ” గురువు, లఘువుల హగణం, ఆటవెలదికి పనికొచ్చే సూర్యగణమే. “చూడంజూడ” అని నిండుసున్న పెడితేనే గణం చెడాలి.

లబ్బీపేట: అది దిద్దినా యతి దగ్గర, అంటే పాదం మొదటి అక్షరం మధ్యలో ఇంకో అక్షరంతో కలవాల్సిన చోట, మళ్లీ ఆగుతుంది. చూ, జా హల్లులు కలుస్తాయి గానీ అచ్చులు కలవవు. అక్కడున్నది ప్రాసయతి, అంటే వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం: చూడ–జాడ. యతికీ ప్రాసయతికీ వేరు ప్లగిన్లుంటే ఒకటి కాదనగానే లూప్ ఆపకండి. ఒక్కోదాన్నీ ట్రై, ఎక్సెప్ట్‌లో పెట్టండి, లేకపోతే ఒకటి చెడితే బాట్ మొత్తం పడిపోతుంది.

అరండల్‌పేట: అసలు “చూడ చూడ” ఎలా చెల్లుతుంది మాస్టారూ? చూడన్ ద్రుతాంతం, చివర నకారం ఉంది. “ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు” అన్నాడుగా బాలవ్యాకరణంలో చిన్నయ సూరి, అంటే దాని తర్వాతి కచటతపలు గజడదబలవుతాయి. జకారం రావలసిందే.

సత్యనారాయణపురం: బాలవ్యాకరణం 1858 నాటిది. జనం నోట నిలిచిన పద్యానికి అదా కొలబద్ద?

అరండల్‌పేట: సూత్రం ఆయనది, సరళాదేశం నన్నయ నాటి నుంచీ ఉన్నదే.

లబ్బీపేట: పాఠం ఏదైనా వెతికితే దొరకాలిగా. వెతికే కీ తయారుచేసేటప్పుడు అరసున్న, ఖాళీలు, కంటికి కనబడని యూనికోడ్ గుర్తు 200సి తీసేసి, గజడదబలను కచటతపలు చేయండి. జాడ చాటైపోతుంది, పర్లేదు, చూపించేది మూలపాఠమే. మాటలు విడగొట్టడానికి పైథాన్‌లో నమూనాలు వెతికే రీ మాడ్యూల్‌లోని డబ్ల్యూ గుర్తు వాడొద్దు, గుణింతాలను వదిలేసి “చూడ”ను చ, డ చేస్తుంది. 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు, అంటే యూనికోడ్‌లో తెలుగు భాగమంతా, రేంజ్ ఇవ్వండి.

బ్రాడీపేట: దిద్దాక పరీక్షకి మా గుంటూరు కరుణశ్రీ గారి ఉత్పలమాలలు పెడదామా? పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. ఆ నడక ఇంకెవరికొచ్చింది!

సత్యనారాయణపురం: గుంటూరు వాళ్ల దారులన్నీ అక్కడికే! అక్షరగణ వృత్తాలతో సూర్య, ఇంద్రగణాల తప్పులు బయటపడవండీ. ఆటవెలదులే పెట్టండి.

అరండల్‌పేట: అయితే ఇదే పద్యం మూడో పాదం, “పురుషులందు పుణ్యపురుషులు వేరయా”, పెట్టండి. చివర “వేరయా” అంటే రగణం, “వేరయ” అంటే భగణం, రెండూ ఇంద్రగణాలే. బాట్ రెండింటికీ ఔనంటుంది. అప్పుడేం చేస్తారు?