సమస్య: కండ యెముకయై మారుట కల్ల కాదు

నిర్వాహకుడు: మిత్రులారా, ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను. వట్టి చమత్కారానికి అల్లింది కాదు. రక్తనాళాల గోడల్లోని నునుపు కండర కణం, గుండె కండరంలా జీవితాంతం ఒకే పనికి కట్టుబడి ఉండదు. మామూలుగా కదురులా సన్నగా సాగి, ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులతో ముడుచుకుంటూ ఉంటుంది. గాయమైతే ఆ పోగులు తగ్గించుకుని, వెడల్పై, విభజన చెందుతూ కొలాజెన్ అనే పీచు ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. పరిస్థితి చక్కబడితే పాత రూపానికి తిరిగి రాగలదు కూడా. పూరించండి.

మొదటి పూరణ:
రక్తనాళపు గోడలో రాత్రిబవలు
ముడిగి విప్పారు కణమది మొదటి పనిని
వదలి, సున్నము పేర్చెడి వైఖరిగొనె
కండ యెముకయై మారుట కల్ల కాదు.

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘వైఖరిగొనె’ అన్న మాట నాకు చాలా నచ్చింది. కణం అచ్చంగా ఎముక కణమైపోదు, సున్నం (కాల్షియం) పేర్చే దాని వైఖరే పడుతుంది. మరి ఎందుకు వదిలింది? ఆ కారణం పద్యంలో లేదు.

రెండో పూరణ (కొత్తగా రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి):
స్టెంటు వేసిన చోటను చేరి చేరి
పిల్లకణములు పెక్కుగా పెరిగిపోయి
దారి మూసెను నెత్తురు నడకకపుడు
కండ యెముకయై మారుట కల్ల కాదు.

నిర్వాహకుడు: తమ్ముడూ, మూడో పాదంలో దా–న యతి చెల్లదు. ‘నెత్తుటి ధారకపుడు’ అంటే దా–ధా కుదురుతుంది, అర్థమూ చెడదు. అసలు చిక్కు అన్వయంలో ఉంది. స్టెంటు ఒరిపిడికి గోడ మధ్యపొర కణాలు లోపలికి వచ్చి పెరగడం నిజమే. అందుకే సిరోలిమస్ లాంటి మందు పూసిన స్టెంట్లు వచ్చాయి, అది ఆ విభజనను అడ్డుకుంటుంది. కానీ అక్కడ దారి మూసుకుపోవడం ఎముక కావడం వల్ల కాదు కదా! నాలుగో పాదం విడిగా నిలబడిపోయింది.

మూడో పూరణ:
కొవ్వు గడ్డకు మూతయై కొంత నిలిచె;
కొవ్వు మింగుచు నురగయై కొంత యుబ్బె;
ఒక్క కణమందు పలు రూపు లుండ, నింక
కండ యెముకయై మారుట కల్ల కాదు.

నిర్వాహకుడు: అమ్మా, ‘మూత’ చూడగానే మనసు నిండింది. కొవ్వు గడ్డ పగలకుండా కాపాడేది ఈ కణాలు అల్లిన కొలాజెన్ మూతే. అది పలచబడి చిట్లితే రక్తం గడ్డకడుతుంది. రూపం మార్చడమంటే రోగమేనని రాసేవాళ్లే ఎక్కువ, మీరు రెండు వైపులా చూశారు. రూపులు + ఉండ, స్వరయతి చెల్లుతుంది.

రెండో పూరణ కవి: అన్నయ్యా, మళ్లీ రాశాను. కారణం కూడా పెట్టాను.
కిడ్ని చెడినంత నెత్తుట కిక్కిరిసెడి
ఫాస్ఫరసు పోటు కణముల పనులు మార్చు;
గోడ బిరుసెక్కు సున్నపు గుల్ల వోలె
కండ యెముకయై మారుట కల్ల కాదు.

నిర్వాహకుడు: ‘సున్నపు గుల్ల’! యతులన్నీ కుదిరాయి, నాలుగో పాదం అతికింది.