అప్‌డేట్: పదో తరగతి తర్వాత ఐటీఐనా, పాలిటెక్నిక్కా?

పది పాసైన మా తమ్ముణ్ణి ఐటీఐలో చేర్చాలా, పాలిటెక్నిక్‌లోనా అని ఇదివరకు ఒక పోస్టులో అడిగాను. చివరికి ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఖాయం చేశాం. "ఇంటర్‌లో సీటు రాలేదా పాపం" అనే చుట్టాలు ఎలాగూ అంటూనే ఉంటారు.

మన తెలంగాణలో పాలిటెక్నిక్ డిప్లొమాకు పాలీసెట్ ఎంట్రన్స్ రాయాలి: 120 మార్కులు, అందులో సగం లెక్కలే. ఐటీఐకి ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కుల మెరిట్ చాలు. అలాగని దారి అక్కడితో మూసుకుపోదు. రెండేళ్ల ట్రేడ్ (ఐటీఐలో నేర్పే పని) చేసి, బ్రిడ్జ్ కోర్సు (తక్కువైన సబ్జెక్టులు నేర్పే అదనపు కోర్సు) పాసై, ఐటీఐ వాళ్ల కోసం పెట్టే ఎల్‌పీసెట్ ఎంట్రన్స్ రాస్తే డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ఇంకో ఎంట్రన్స్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తొందరగా పనిలో పడతాడని ఏడాది ట్రేడ్ (వెల్డర్ లాంటివి) పెట్టిస్తారు, తర్వాత ఆ దారి దొరకదు.

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగింది మన హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలోనే. రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), ఎలక్ట్రిక్ బండ్ల కోర్సులు అలా వచ్చినవే. పేరు చూసి మురిసిపోకుండా కోర్సు ఏడాదా, రెండేళ్లా అన్నది ముందు చూసుకోండి.

ప్రైవేటు ఐటీఐ అయితే ఇంకో మెలిక: సంస్థకు గుర్తింపు ఉన్నంత మాత్రాన అన్ని ట్రేడ్లకూ ఉన్నట్టు కాదు. మీరు చేరే ట్రేడ్‌కు కేంద్రం ఇచ్చే గుర్తింపు (జనం ఇప్పటికీ ఎన్‌సీవీటీ అఫిలియేషన్ అనేది) ఉందో లేదో ప్రభుత్వ పోర్టల్‌లో చూశాకే ఒరిజినల్ టీసీ ఇవ్వండి. ఇచ్చేముందు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

ఇంటర్ ఒకేషనల్ (పని నేర్పే ఇంటర్ కోర్సులు) వైపు మొగ్గేవాళ్లు బీటెక్ ఎంట్రన్స్ ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ఆలోచన ఉంటే దానికి కావాల్సిన బ్రిడ్జ్ కోర్సు సంగతి చేరిన రోజే కాలేజీలో అడగండి.