24 గంటల్లో 1,600 కిలోమీటర్ల సర్టిఫికెట్ ఉంటేనే లద్దాఖ్ రైడ్‌కి రానిస్తారా?

కరీంనగర్ హిమాలయన్
ఆగస్టులో మన గ్రూప్ లద్దాఖ్ రైడ్‌కి ఈసారి కొత్త షరతు పెట్టారు. శాడిల్‌సోర్ 1000 సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే చోటు అట. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: ఇది అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్ ఇచ్చే సర్టిఫికెట్. 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు బైక్ మీద పూర్తి చేయాలి. దారిలో బంకు బిల్లులన్నీ దాచాలి, ఓడోమీటర్ రీడింగ్ రాసుకోవాలి. నా దగ్గర ఆ కాగితం లేదు. రోజుకి ఐదారు వందల కిలోమీటర్లయితే హాయిగా నడుపుతాను, మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ బయల్దేరతాను. ఈ షరతు న్యాయమేనా? నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలుసు, మొహమాటం లేకుండా చెప్పండి.

ఎన్‌హెచ్ 44
షరతు పెట్టింది నేనే కాబట్టి నేనే చెప్తాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాదాపు 1,600 కిలోమీటర్లు. మనలో చాలామందికి ఆఫీసులో రెండు వారాలకు మించి సెలవు దొరకదు. కాబట్టి ఢిల్లీకి రెండు రోజుల్లో చేరాలి. 24 గంటల్లో ఆ దూరం నడిపినవాడికి రెండు రోజుల్లో నడపడం భారం కాదు. ఇంకో మాట. శాడిల్‌సోర్ అంటే స్పీడ్ అనుకుంటారు. లెక్క వేసి చూడండి, సగటు గంటకు 67 మాత్రమే. అక్కడ పరీక్ష అంతా ప్లానింగ్‌కే. ఎక్కడ పెట్రోల్ కొట్టించాలి, ఎప్పుడు తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి, చైన్‌కి లూబ్ ఎప్పుడు వేయాలి, ఇవన్నీ ముందే తెలిసినవాడే పూర్తి చేస్తాడు. బంకులో పావుగంట బాతాఖానీ కొట్టేవాడు పూర్తి చేయలేడు. గ్రూప్ రైడ్‌లో నాకు కావాల్సింది ఆ క్రమశిక్షణే.

గోదారి బుల్లెట్
నేను షరతుకే ఓటు. లేకపోతే ప్రతి బంకు దగ్గరా గంట పోతుంది.

లారీ ఇంటివాడు
ఎన్‌హెచ్ 44 అన్నా, ఆ 67 దగ్గరే ఆగుదాం. అది ఆగిన సమయం కూడా కలిపిన సగటు. పెట్రోలుకి, తిండికి, కాలకృత్యాలకి కలిపి నాలుగు గంటలు తీసేయి. మిగిలిన 20 గంటల్లో 1,609 అంటే బండి కదులుతున్నంతసేపూ సగటు 80. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద బైక్‌కి గరిష్ఠ వేగం 80, ఊళ్లలో 60. సగటే గరిష్ఠానికి సమానమైతే, కొంత దారైనా గరిష్ఠం దాటి నడిపినట్టే కదా? హైదరాబాద్ నుంచి దక్షిణానికి వెళ్తే సేలం దాటాక వెనక్కి తిరగాలి. మధ్యలో బెంగళూరు రెండుసార్లు దాటాలి. హెబ్బాళ్ నుంచి సిల్క్ బోర్డ్ దాకా పోగొట్టుకున్న టైమంతా హైవే మీద ఏ స్పీడ్‌లో రాబట్టుకుంటారో నువ్వే చెప్పు.

ఎన్‌హెచ్ 44
తమ్ముడూ, బెంగళూరుని తెల్లవారుజామున దాటేలా ప్లాన్ చేసుకుంటారు. దాన్నే ప్లానింగ్ అంటారు. నేనెప్పుడూ 95 దాటను. కార్లకి అక్కడ 100 ఇచ్చారు. వెనక నుంచి కార్లు 120లో వస్తుంటే బైక్ 75లో పోవడమే ప్రమాదం.

లారీ ఇంటివాడు
95 అంటే 80 దాటినట్టే.

ఎన్‌హెచ్ 44
ఆ లెక్కన ఇక్కడ రోజూ ఆఫీసుకి వెళ్లే ప్రతివాడూ నేరస్తుడే.

డల్లాస్ తెలుగోడు
నేను ఇది ఇక్కడ చేశాను. టెక్సస్ పడమటి వైపు ఐ-10 హైవే మీద వేగపరిమితే 80 మైళ్లు, అంటే దాదాపు 129 కిలోమీటర్లు. 75 మైళ్ల నిలకడ వేగంతో వెళ్లినా 1,000 మైళ్లకి 13 గంటల 20 నిమిషాలే పడుతుంది. పరిమితి దాటకుండానే దారిలో మోటెల్‌లో గది తీసుకుని హాయిగా పడుకున్నాను. ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ రాదు, మీడియన్ సందులోంచి గేదె దూకదు. ఈ 1,000 మైళ్ల లెక్క ఇలాంటి రోడ్లున్న దేశంలో పుట్టింది. పైగా నిద్ర ముంచుకొస్తే ఆగి పడుకోమని ఆ అసోసియేషన్ వాళ్లే చెప్తారు. అక్కడ ఆగడానికి టైమ్ మిగులుతుంది. మీకు మిగలదు, అసలు తేడా అక్కడుంది.

గోదారి బుల్లెట్
మన దగ్గర కూడా ఏటా చాలామంది చేస్తున్నారుగా.

చట్టం చదివినవాడు
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 చూడండి. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేసు గానీ వేగపరీక్ష గానీ పెడితే శిక్ష ఉంది.

ఎన్‌హెచ్ 44
అది వాహనాల మధ్య పోటీకి. ఒక్కడే బండి నడుపుకుంటూ వెళ్తే పోటీ ఎవరితో? విషయాన్ని పక్కదారి పట్టించకండి.

నైట్ డ్యూటీ
నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. బైక్ కూడా నడుపుతాను. మీరంతా స్పీడ్ దగ్గరే ఆగిపోయారు, నిద్ర గురించి డల్లాస్ అన్నయ్య ఒక్కరే మాట్లాడారు. 17 గంటలు మేలుకున్న మనిషి చేతులు, చూపు పనిచేసే తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు రాశారు. 24 గంటలైతే 0.10 దాకా పోతుంది. మన దేశంలో చట్టం ఒప్పుకునేది 0.03. అంటే చుక్క తాగకపోయినా చివరి గంటల్లో బండి మీద ఉన్నది తాగినవాడి కింద లెక్క.

రాత్రి రెండు నుంచి ఐదు మధ్య కళ్లు తెరుచుకునే ఉంటాయి, మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. 80లో వెళ్తుంటే నాలుగు సెకన్లకి దాదాపు 90 మీటర్లు. కర్నూలు దాటాక రోడ్డు పక్కన లారీ చెడిపోయి ఆగి ఉంటుంది. వెనక లైటు ఉండదు. గుర్తుగా నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెడతారు. ఆ కొమ్మ మీ హెడ్‌లైట్‌లో కనపడేసరికి ఎన్ని మీటర్లు మిగిలి ఉంటాయి? అలా వచ్చినవాళ్లకి హెల్మెట్ కత్తిరించి తీసేది మేము. ఇంటికి ఫోన్ చేసేదీ మేమే.

ఎన్‌హెచ్ 44
నర్సమ్మ గారూ, మీ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ దగ్గరికి వచ్చేవాళ్లు దెబ్బ తగిలినవాళ్లే. క్షేమంగా ఇల్లు చేరినవాళ్లు ఐసీయూకి రారు. పద్ధతిగా చేసేవాడు ముందురోజు ఎనిమిది గంటలు పడుకుంటాడు, తెల్లవారుజామున బయల్దేరతాడు, మధ్యలో ఇరవై నిమిషాల కునుకు తీస్తాడు. తాగినవాడితో పోల్చడం బాగాలేదు.

లారీ ఇంటివాడు
తెల్లవారుజామున బయల్దేరినవాడు మర్నాడు తెల్లవారుజామునే దిగుతాడు. ఆవిడ చెప్పిన రెండు నుంచి ఐదు గంటలు అతని చివరి గంటలే అవుతాయి.

గోదారి బుల్లెట్
భయపడేవాళ్లు రైలెక్కి వెళ్లొచ్చు. గ్రూప్‌లో అందరికీ చోటు ఉండాలని రూలేమీ లేదు.

లారీ ఇంటివాడు
భయం గురించి మాట్లాడావు కాబట్టి చెప్తాను. మా నాన్న విశాఖ–చెన్నై లైన్‌లో లారీ నడిపేవాడు. సరుకు టైముకి చేరాలని ఓనర్ ఒత్తిడి. ఒక రాత్రి ఒంగోలు దగ్గర కన్ను మూతపడి, ఆగి ఉన్న ట్రాలీని గుద్దాడు. క్లీనర్ కుర్రాడి కాలు పోయింది. పోలీసులు నాన్నని అడిగిన మొదటి ప్రశ్న ‘ఎన్ని గంటల నుంచి నడుపుతున్నావు?’ అని. ఓనర్ మాత్రం ‘నేను నడపమని చెప్పలేదు’ అని తప్పించుకున్నాడు. అప్పుడున్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవర్‌కి రోజుకి ఎనిమిది గంటలే పని. పొట్టకూటికి 18 గంటలు నడిపితే అది నేరం, మా ఇంటికి కోర్టు నోటీసులు వచ్చాయి. సరదాకి 22 గంటలు నడిపితే ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకుంటున్నారు. అదే రోడ్డు, అదే నిద్ర. ముందు వెళ్తున్న టీవీఎస్ ఎక్సెల్ ముసలాయనకి, వెనక నుంచి వచ్చేది లారీనా బైకా అన్న తేడా ఏముంటుంది? 2022లో మన రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే.

ఎన్‌హెచ్ 44
మీ నాన్నగారికి జరిగినదానికి బాధగా ఉంది. కానీ దాన్ని తెచ్చి నా మీద పడేయడం ఏం న్యాయం? నేను ఓనర్‌నా? ఎవరినైనా బలవంతంగా నడిపించానా? నీకు గ్రూప్ రైడ్ లీడ్ చేయడం అంటే ఏంటో తెలియదు. తెలియనివాడివి లెక్కలు చెప్పకు.

లారీ ఇంటివాడు
తెలుసు. నిరుడు నాగ్‌పూర్ రైడ్‌లో ఆదిలాబాద్ దగ్గర నాకు పంక్చరైతే టైమ్ అయిపోతోందని నన్ను వదిలేసి వెళ్లింది నువ్వే. రాత్రి పదకొండింటికి ఒక ధాబా ఆయన టార్చి పట్టుకుంటే ట్యూబ్ మార్చుకున్నాను. ‘లొకేషన్ షేర్ చెయ్, వచ్చేయ్’ అని ఒక మెసేజ్ పెట్టావు, అంతే. సర్టిఫికెట్ ఉన్నవాళ్లే కావాలంటే, అలా వదిలేసినా అడగనివాళ్లే కావాలని అర్థం.

గోదారి బుల్లెట్
అందరికీ తెలిసిన విషయమే, మళ్లీ ఎందుకు తవ్వడం.

మాడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. పాత రైడ్ గొడవకి వేరే చోటు ఉంది. ఇక్కడ షరతు మీద మాట్లాడండి.

ఎన్‌హెచ్ 44
లేదు మాడరేటర్ గారూ, ఇది షరతు మీదే. అడిగాడు కాబట్టి చెప్తాను. దానికి ముందు రైడ్‌లో ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. నాకేం కాదన్నా, నడుపుతానన్నా అన్నాడు. సాయంత్రం ఆరింటికి నిర్మల్ ఘాట్ దిగుతూ వంపులో తిన్నగా పోయి రెయిలింగ్‌ని తగిలాడు. కాలర్‌బోన్ విరిగింది. తర్వాత తెలిసింది, ముందురోజు రాత్రంతా ప్యాకింగ్ పేరుతో మేలుకునే ఉన్నాడు. ఆసుపత్రిలో వాళ్లమ్మ నా చొక్కా పట్టుకుని ‘నీ మాట నమ్మి పంపాను, నువ్వేం చూసుకున్నావు?’ అని అడిగింది. స్టేషన్‌లో సంతకం పెట్టింది నేను. మూడు నెలలు వాళ్ల బంధువుల ఫోన్లు ఎత్తింది నేను. గ్రూప్‌లో ఒక్కరైనా తోడు వచ్చారా? అప్పుడే నిర్ణయించుకున్నాను, మాట నమ్మి ఎవరినీ తీసుకెళ్లను, రుజువు చూపించాలి అని. శాడిల్‌సోర్ కాకపోతే ఇంకేం చూపిస్తారో మీరే చెప్పండి. నీ పంక్చర్ రోజున ఎనిమిది మంది నా వెనక ఉన్నారు, వాళ్లలో ఇద్దరు మొదటిసారి రాత్రి నడుపుతున్నారు. వాళ్లని రోడ్డు పక్కన నిలబెట్టి నీకోసం ఆగడమా, వాళ్లని గదికి చేర్చడమా?

కరీంనగర్ హిమాలయన్
అన్నా, ఈ విషయం మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత రభస ఉండేది కాదు. మేమంతా స్పీడ్ కోసం, పేరు కోసం పెట్టారనుకున్నాం.

నైట్ డ్యూటీ
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఎన్‌హెచ్ 44 గారికి కావాల్సింది ఓపిక రుజువు కాదు, ఎవరికైనా ఏమైనా అయితే ఆ భారం తన ఒక్కడి మీద పడకూడదు. అది న్యాయమైన కోరిక. కానీ ఆ భారాన్ని ఈ సర్టిఫికెట్ తగ్గించదు, పెంచుతుంది. ఎలాగో చెప్తాను.

లద్దాఖ్‌లో మనిషి పడిపోయేది కిలోమీటర్ల వల్ల తక్కువ, ఎత్తు వల్ల ఎక్కువ. మనాలి దాదాపు 2,050 మీటర్లు. ఆగకుండా నడిపే అలవాటున్నవాళ్లు అక్కడి నుంచి ఒకే రోజులో సర్చు చేరిపోతారు. సర్చు దాదాపు 4,300 మీటర్లు. ఆ రాత్రి తలనొప్పి, వాంతులు, ఊపిరి అందదు. దగ్గర్లో ఆసుపత్రి ఉండదు. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పైకి వెళ్లకూడదని డాక్టర్లు చెప్తారు. అందుకే తెలిసినవాళ్లు సర్చుకి ముందే వచ్చే జిస్పాలో ఒక రాత్రి ఆగుతారు, లేహ్ చేరాక రెండు రోజులు ఊరికే కూర్చుంటారు, ఆ తర్వాతే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కుతారు. ఆగడం తెలిసినవాడు కావాలి అక్కడ. ఆగకుండా నడిపినందుకు ఇచ్చే కాగితం చూసి మీరు మనుషుల్ని ఏరుతున్నారు. మీ కుర్రాడు నిర్మల్ ఘాట్‌లో పడింది కూడా నిద్ర లేకే కదా?

ఎన్‌హెచ్ 44
జిస్పాలో ఆగితే ఒక రోజు పోతుంది. సెలవులు ఎవరిస్తారు?

లారీ ఇంటివాడు
సెలవులు చాలకపోతే బైకులు రైల్లో పార్సిల్ వేసి ఢిల్లీ నుంచి మొదలెట్టొచ్చు. చాలామంది అలాగే వెళ్తారు. 1,600 కిలోమీటర్లు పోతాయి, పోనీ. నాకు కావాల్సింది ఒక్కటే: ఎవరి బండి ఆగినా ఇంకో ఇద్దరు వాడితో ఆగాలి, మిగతావాళ్లు గదికి వెళ్లాలి. ఆ మాట ముందే రాసుకోవాలి. నువ్వు ఎనిమిది మందిని తీసుకెళ్లడాన్ని నేను తప్పుపట్టలేదు. ఒక్కరిని కూడా నా దగ్గర వదలలేదు, అదీ నా బాధ.

డల్లాస్ తెలుగోడు
ఈ మాట బాగుంది. ముందు లీడ్ ఒకరు, స్వీప్ ఒకరు, అంటే అందరికంటే వెనక వచ్చేవాడు, అతని దగ్గర టూల్‌కిట్. ఇక్కడ మా గ్రూప్‌లోనూ ఇంతే.

గోదారి బుల్లెట్
రైల్లో బండి వేసుకుని వెళ్తే అది రైడ్ ఎలా అవుతుంది?

కరీంనగర్ హిమాలయన్
నేను రెండు రోజుల ముందే బయల్దేరతాను. మొదటి రాత్రి నాగ్‌పూర్, రెండో రాత్రి ఝాన్సీ, మూడో రోజు సాయంత్రానికి ఢిల్లీ. పెంచ్ అడవి దగ్గర జంతువులు కింద నుంచి దాటేలా కట్టిన ఎత్తు రోడ్డు పగటి వెలుగులో చూసినట్టూ ఉంటుంది. నాతో వచ్చేవాళ్లుంటే చెప్పండి. ఢిల్లీలో గ్రూప్‌తో కలుస్తాం. ఎన్‌హెచ్ 44 అన్నా, అక్కడి నుంచి మమ్మల్ని కలుపుకుంటారా?

ఎన్‌హెచ్ 44
ఢిల్లీ దాకా ఎలా వస్తారన్నది మీ ఇష్టం. మనాలి నుంచి లీడ్ చేసేది నేనైతే షరతు అలాగే ఉంటుంది. ఇంకో అమ్మ ముందు నిలబడలేను. వేరేవాళ్లు లీడ్ చేస్తామంటే పేరు ఇవ్వండి, నేను తప్పుకుంటాను.

నైట్ డ్యూటీ
మనాలి నుంచి స్వీప్‌గా నా పేరు రాసుకోండి. పల్స్ ఆక్సిమీటర్, మందులు నావి. జిస్పాలో ఆగుతామంటేనే వస్తాను.

లారీ ఇంటివాడు
లీడ్‌కి నా పేరు. కరీంనగర్ తమ్ముడూ, నాగ్‌పూర్ దాకా నేనూ నీతోనే వస్తాను. నిర్మల్ ఘాట్ మాత్రం చీకటి పడకముందే దాటాలి.