జీటీ7 డెకాల్‌లో తెలుగు అక్షరాలు: ట్రేస్ చేయాలా, ఫాంట్ నుంచి తీయాలా?

నెక్లెస్‌రోడ్_18
కార్ల రేసు ఆట గ్రాన్ టూరిస్మో 7 (జీటీ7)లో కారు డోరు మీదికి ఒక డెకాల్ (స్టిక్కర్ బొమ్మ). 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగిన ట్రాక్ గీత (2.83 కిలోమీటర్లు, 18 మలుపులు), దాని కింద లావు అక్షరాల్లో "భాగ్యనగరం". పీఎన్‌జీ బొమ్మని ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ చేస్తే (పిక్సెళ్ళ బొమ్మని గీతలుగా మారిస్తే) ఎస్‌వీజీ ఫైలు 46 కేబీ వచ్చింది. ఆట అప్‌లోడర్ 15 కేబీ దాటితే తీసుకోదు. ఫైలు తగ్గిద్దామని సింప్లిఫై (గీతల్ని సాఫీ చేసే ఆదేశం) నాలుగుసార్లు కొట్టేసరికి "భా" కింద ఒత్తు పోయి "బా" అయి కూర్చుంది. ఈ ట్రేస్‌నే బాగుచేసుకోవచ్చా, మొత్తం మళ్ళీ చేయాల్సిందేనా?

బెజియర్_బాబాయ్
అక్షరాలను ట్రేస్ చేయడమే తప్పు. ఫాంట్‌లో ఉన్నది అప్పటికే వెక్టర్, అంటే పిక్సెళ్ళు కాదు, గీతలూ వంపులే. దాన్ని పిక్సెళ్ళుగా మార్చి, ఆ పిక్సెళ్ళ అంచుల్ని మళ్ళీ వంపులుగా ఊహించమని సాఫ్ట్‌వేర్‌ని అడగడం దేనికి?

రామభద్ర, ధూర్జటి, రవిప్రకాశ్ లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. డోరు మీద దూరం నుంచి కనబడాలంటే రామభద్ర లావు సరిపోతుంది. ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ (షిఫ్ట్, కంట్రోల్, సి). ఇప్పుడది గ్రూపు. అన్‌గ్రూప్ చేసి యూనియన్ (కంట్రోల్, ప్లస్) కొట్టండి. యూనియన్ మానేయొద్దు. మన ఫాంట్లలో గుణింతం గుర్తూ వత్తూ చాలాచోట్ల అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. ఫిల్ రూల్ (ఎక్కడ రంగు నింపాలో చెప్పే సెట్టింగ్) ఈవెన్‌ఆడ్ అయితే ఆ ఎక్కిన చోట చిల్లు పడుతుంది. అవుట్‌లైన్ వేస్తే లోపలి గీతలు బయటపడతాయి.

ఇల్లస్ట్రేటర్ వాడేవాళ్ళు ముందుగా ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద షో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే "గ్య" విడిపోయి "గ్ య" అని పడుతుంది. దాన్ని అలాగే అవుట్‌లైన్ చేశాక ఇక చేసేదేమీ లేదు.

రేడియం_కటింగ్
గట్ల కొట్టిపారేయకు బాబాయ్. బండ్ల మీద రేడియం స్టిక్కర్ కోసేటోళ్ళు రోజూ చేసేది ట్రేసే. నోడ్లు (గీత మీది బిందువులు) ఎక్కువైతే ప్లాటర్, అంటే స్టిక్కర్ కోసే మిషన్, బ్లేడు గీక్కుంట పోతది, వినైల్ చిరుగుతది. గందుకే తక్కువ నోడ్లతోని ట్రేస్ తీసుడు వాళ్ళకు బాగా తెలుసు.

తమ్ముడు చేసిన తప్పు ట్రేస్ కాదు, చిన్న బొమ్మను ట్రేస్ చేసుడు. 400 పిక్సెళ్ళ బొమ్మల భా కింద ఒత్తు ఎన్ని పిక్సెళ్ళుంటది? స్పెకిల్స్ (చిన్న మచ్చలు తీసేసే సెట్టింగ్) విలువ పెంచినవనుకో, దాన్ని చుక్క అనుకొని ఊడ్చేస్తది. అంచులు మసకగా ఉంటే మెట్లు మెట్లుగా నోడ్లు లేస్తయి. బొమ్మ 2000 పిక్సెళ్ళకు తక్కువ కాకుండ, ఉత్త నలుపు తెలుపుల ఉండాలె. సింగిల్ స్కాన్, బ్రైట్‌నెస్ కటాఫ్. స్పెకిల్స్ 2 దగ్గర్నే ఉంచు, ఆప్టిమైజ్ గుంజి పైకి పెంచు. సింప్లిఫై అక్కర్నే రాదు.

ఇంకో మాట. డీటీపీ చేసేటోళ్ళ దగ్గర్నుంచి కోరెల్‌డ్రా ఫైలు తెచ్చుకుంటే అండ్ల అను ఫాంట్ ఉంటది. అది యూనికోడ్ కాదు. మీ సిస్టమ్‌ల ఆ ఫాంట్ లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసి గజిబిజిగ కనిపిస్తది. కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి ఇయ్యుమని ముందే చెప్పాలె.

బెజియర్_బాబాయ్
కోరెల్ మాట వచ్చింది కాబట్టి: కోరెల్ అలవాటుతో ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ క్యూ కొడితే సాఫ్ట్‌వేర్ మూసుకోబోతుంది. కంట్రోల్ ఎల్ అక్కడ కంబైన్, ఇక్కడ సింప్లిఫై. కంట్రోల్ కె అక్కడ బ్రేక్ అపార్ట్, ఇక్కడ కంబైన్. అక్షరాలు ఎందుకు కరిగిపోయాయో అంతుబట్టని వాళ్ళలో సగం మంది కంబైన్ అనుకొని కంట్రోల్ ఎల్ నొక్కినవాళ్ళే అయ్యుంటారు.

సింప్లిఫైకి రెండు గుణాలున్నాయి. వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ముందుకన్నా గట్టిగా కోస్తుంది. కొంచెం ఆగి నొక్కితే మళ్ళీ మామూలు స్థాయికి వస్తుంది. రెండోది, ఎంత కోయాలన్నది సెలెక్షన్ మొత్తం సైజుని బట్టి ఉంటుంది. ట్రాక్ గీతనూ అక్షరాలనూ కలిపి సెలెక్ట్ చేస్తే, అంత పెద్ద ట్రాక్ ముందు ఒత్తు, తలకట్టు కొన చెత్తకింద లెక్క. ట్రాక్‌ని విడిగా ఒక్కసారి చేయండి, అక్షరాల జోలికి పోకండి.

చీమ_కేబీ
మీ ఇద్దరి గొడవకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. 46 కేబీలో బొమ్మ ఎంత? ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి "ఇమేజ్" అనే ట్యాగ్ ఉందేమో వెతకండి. ట్రేస్ ఫలితం అసలు పీఎన్‌జీ మీదే కూర్చుంటుంది, కింద ఉన్నదాన్ని చెరపడం చాలామంది మరిచిపోతారు. ఎంబెడ్ అయిన బిట్‌మ్యాప్‌ని అప్‌లోడర్ ఎలాగూ ఒప్పుకోదు, ఫైలు 2 కేబీ ఉన్నా సరే.

తర్వాత సేవ్ యాజ్‌లో మామూలు ఇంక్‌స్కేప్ ఎస్‌వీజీ వద్దు. అందులో గైడ్లు, గ్రిడ్, విండో సైజు అన్నీ రాసి ఉంటాయి. ఆప్టిమైజ్డ్ ఎస్‌వీజీ తీసుకొని, మెటాడేటా తీసేయడం, సీఎస్‌ఎస్‌ని అట్రిబ్యూట్లుగా మార్చడం, వ్యూబాక్సింగ్ మూడూ టిక్ పెట్టండి. వ్యూబాక్స్ (బొమ్మ హద్దులు చెప్పే కొలత) లేని ఫైలు ఒకచోట మూలకి చిన్నగా, ఇంకోచోట సగం తెగి కనిపిస్తుంది. దానికన్నా ముందు రీసైజ్ పేజ్ టు కంటెంట్ (షిఫ్ట్, కంట్రోల్, ఆర్). ఇల్లస్ట్రేటర్‌లో అయితే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు స్టైలింగ్ దగ్గర ప్రెజెంటేషన్ అట్రిబ్యూట్స్, డెసిమల్ 1.

ఇక లెక్క. వంపు ముక్క ఒక్కోదానికి 6 అంకెలు రాయాలి. పాయింట్ తర్వాత ఆరేసి స్థానాలుంటే ముక్కకి దాదాపు 60 బైట్లు, అంటే 15 కేబీలో పట్టేవి 250 ముక్కలు. ఒక్క స్థానానికి కుదిస్తే ముక్కకి 20 నుంచి 25 బైట్లు. అప్పుడు అదే 15 కేబీలో 600 పైచిలుకు పడతాయి. ఒక్క నోడూ తీయకుండానే! కాకపోతే బొమ్మ వెడల్పు 1000 యూనిట్లు ఉండాలి. 10 యూనిట్ల బొమ్మని ఒక్క స్థానానికి కుదిస్తే వంకరటింకర అయిపోతుంది. "ఎస్‌వీజీఓఎంజీ (ఎస్‌వీజీ ఫైళ్ళు కుదించే) సైటు నా బొమ్మని పాడుచేసింది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే. ముందు పెద్దది చేయండి, తర్వాత కుదించండి.

నెక్లెస్‌రోడ్_18
పీఎన్‌జీ నిజంగానే కింద ఉంది. అది తీసి, 1000 యూనిట్లకి పెంచి, ఆప్టిమైజ్ చేస్తే 17 కేబీ. అక్షరాలు ఫాంట్ నుంచి పెట్టాక 9 కేబీ, అప్‌లోడ్ అయింది. కానీ "రం"లో సున్న లోపల నిండిపోయి నల్ల చుక్కలా ఉంది.

రేడియం_కటింగ్
సున్న బయటి గీత, లోపలి గీత రెండు విడివిడి పాత్‌లు అయినయి. ఎక్కడో బ్రేక్ అపార్ట్ తాకి ఉంటది. రెండిట్ని పట్టుకొని పాత్ మెనూల డిఫరెన్స్ (కంట్రోల్, మైనస్) కొట్టు. చిన్నది మీద ఉండాలె, మీదిది కిందిదాన్ని కోస్తది. కంబైన్ చేసినా ఐతది గని, రెండు గీతలు ఒక్క దిక్కే తిరుగుతుంటే, ఫిల్ రూల్ నాన్‌జీరో ఉంటే మళ్ళా నిండుతది. చిల్లు వెనుక తెల్ల గుండ్రం పెట్టి మోసం చెయ్యకు, ఎర్ర కారు మీద ఎక్కించినంక తెల్లగనే కనిపిస్తది.

ఉప్పల్_అపెక్స్
ట్రాక్ గీతని స్ట్రోక్‌గానే (ఒకే గీతకి లావు ఇచ్చి) ఉంచొచ్చా? స్ట్రోక్ టు పాత్ చేస్తే నోడ్లు రెట్టింపు అవుతాయి కదా.

చీమ_కేబీ
అవుతాయి. ఇటొక అంచు, అటొక అంచు. అయినా మార్చడమే మేలు. స్ట్రోక్ ఎంత లావుగా రావాలన్నది స్కేలింగ్ మీద, ట్రాన్స్‌ఫార్మ్ మీద ఆధారపడి ఉంటుంది. ఫిల్ ఉన్న పాత్‌కి ఆ తంటా లేదు. మార్చేముందు జాయిన్ (మూల ఆకారం) రౌండ్‌లో పెట్టండి. మైటర్‌లో ఉంచితే నెక్లెస్ రోడ్డు వైపు ఇరుకు మలుపుల దగ్గర ముళ్ళలా పొడుచుకొస్తాయి. మార్చాక సింప్లిఫై చేయకండి, రెండు అంచులూ వేర్వేరుగా కదిలి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. సింప్లిఫై చేసేదేదో స్ట్రోక్‌గా ఉన్నప్పుడే చేసేయాలి.

బెజియర్_బాబాయ్
ఈ తిప్పలన్నీ ఎస్‌వీజీ తీసుకునే ఆటకే. అసెట్టో కోర్సాలో స్కిన్ అంటే డీడీఎస్ టెక్స్‌చర్ (పిక్సెళ్ళ బొమ్మ), అక్కడికి ఎన్ని నోడ్లున్నా ఎక్స్‌పోర్ట్ చేసి పడేయొచ్చు. ఫోర్జాలో ఎస్‌వీజీ దిగుమతే లేదు, లోపలి ఆకారాలు పేర్చుకోవాల్సిందే. కాబట్టి జీటీ7 ఫైలుకి ఫాంట్ దారే.

రేడియం_కటింగ్
ఫాంట్ల ఉన్న అక్షరానికి నీ మాట ఒప్పుకుంట బాబాయ్. పాత బోర్డుల మీద బ్రష్‌తోని రాసిన అక్షరం ఏ ఫాంట్ల దొరుకుతది? ఆ కుంచె విసురు కావాలంటే ఫోటో తీసి ట్రేస్ చెయ్యాలె.

బెజియర్_బాబాయ్
అప్పుడు కూడా ట్రేస్ కాదు. ఫోటోని కింది లేయర్‌లో పెట్టి తాళం వేసి పెన్ టూల్‌తో గీయండి. వంపు ఎక్కడెక్కడ కుడి చివరికీ ఎడమ చివరికీ, పైకీ కిందికీ చేరుతుందో ఆ చోట్లే నోడ్లు. మామూలు అక్షరం గుండ్రానికి నాలుగు చాలు. ట్రేస్ అక్కడ పది పన్నెండు పెడుతుంది, అవీ వరసలో ఉండవు. పని అయ్యాక ఫోటో లేయర్ చెరపండి, దాచిపెట్టినా ఫైలులో ఉన్నట్టే.

రేడియం_కటింగ్
పెన్‌తోని ఐదు అక్షరాలు గీసేవరకు రాత్రయితది. ట్రేస్ తీసి, ఎక్కువున్న నోడ్లు షిఫ్ట్ పట్టుకొని ఏరి, డిలీట్ కొడితే వంపు అట్లనే ఉంటది, ఇంక్‌స్కేప్ పక్క హ్యాండిళ్ళు సర్దుతది. 15 కేబీకి ఇది చాలు. ఉత్త పెన్ పని ప్రింటుకు పనికొస్తది, ఆటల 200 వేగంతోని పోయే డోరుకు కాదు.

బెజియర్_బాబాయ్
రీప్లే ఆపి చూస్తే కారు ఆగే ఉంటుంది కదా.